యాది కింద ఎర్ర గీత

మొన్న ఆదివారం బుకిట్ పంజాంగ్‌లో, మా బ్లాకులోనే, ఒక పాత మిత్రుడి కొత్త ఫ్లాటు గృహప్రవేశం జరిగింది. వ్రతం ముగిసి, మాలాంటి తొలినాళ్ళ వాళ్ళందరం హాల్లో చాపల మీద చేరి, కాగితపు ప్లేట్లలో పులిహోర తింటూ, మోకాళ్ళ నొప్పుల గురించీ పిల్లలు తప్పనిసరిగా సైన్యంలో చేయాల్సిన నేషనల్ సర్వీసు గురించీ మాట్లాడుకుంటూ ఉండగా అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. మా పాతమిత్రుల వాట్సాప్ బృందంలో ఎవరో ఒక కబురు పంపారు. ఒకప్పుడు హౌగాంగ్‌లో మాతోపాటు ఉండి, చాలా ఏళ్ళ కిందట ఈ ఊరు వదిలి వెళ్ళిపోయిన అన్న హైదరాబాదులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడని ఆ కబురు. నాకు సొంత అన్న కాదు. ఒకే వంటగదిలో రెండేళ్ళు అన్నం వండుకు తిన్నవాళ్ళం కాబట్టి నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆ కబురు రాసింది ఆయన కూతురు. ఆ అమ్మాయి ఏమని రాసిందో చివర్లో చెబుతాను.

"అయ్యో, మన హౌగాంగ్ అన్నే!" అన్నారు ఒకరు.

"గుండె అని రాశారు గానీ అది కాదండీ, వాళ్ళమ్మగారి జబ్బే అయ్యుంటుంది," అని ఇంకొకాయన ప్లేటు పక్కన పెట్టి మరీ చెప్పారు. "కిడ్నీలది. తనకీ వచ్చిందని అప్పట్లో స్వయంగా రాసుకున్నాడు కదా!"

ఎక్కడ రాసుకున్నాడని ఆయన భార్య అడిగింది.

"ఎక్కడేంటి, మన ఎడిటర్ గారి పత్రికలోనే. అందుకేగా సెంబవాంగ్ సంబంధం తప్పిపోయిందీ! నన్నడుగుతావేం, పక్కనే ఉన్నారు, ఆయన్నే అడుగు."

అందరూ నా వైపు చూశారు. నా నోటినిండా పులిహోర ఉంది. నేను తల ఊపాను.

ఆ తల ఊపడం గురించే ఇది రాస్తున్నాను. అన్నకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు. ఆ జబ్బును ఆయనకు అంటించింది నేను, అదీ ఒక అక్షరదోషం దిద్దబోయి. ఆనాడు ఆ పత్రిక చదివినవాళ్ళు, దానికి రాసినవాళ్ళు మీలో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు మీకు చెప్పుకోవాలి.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం వచ్చిందంటే లోకంలోని కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయన్న భయం పుణ్యమా అని, మనలాంటి కుర్రాళ్ళందరం ఒక సూట్‌కేసూ, ఒక ప్రెషర్ కుక్కరూ, అమ్మ కట్టిచ్చిన ఆవకాయా పట్టుకుని ఈ చిన్న ద్వీపదేశంలో దిగాము. దిగిన వాళ్ళం హౌగాంగ్‌లోనో ఇంకో చోటో ఒక్కో ఫ్లాటులో నలుగురైదుగురం సర్దుకున్నాము. నేను తెనాలి వైపు వాణ్ణి, అన్నది జగిత్యాల దగ్గర పల్లె. వయసులో నాకంటే కాస్త పెద్ద, పనిలో చాలా పెద్ద. బ్యాంకుల పాత ప్రోగ్రాములు చదవడంలో మా అందరికీ గురువు. నేను పప్పు వండితే ఆయన "ఇది పప్పా తమ్మీ, పసుపునీళ్ళా?" అని ఎత్తిపొడిచేవాడు, ఆయన పచ్చిపులుసు చేస్తే నేను "వండకుండానే వంటంటావేంటన్నా?" అని వెక్కిరించేవాణ్ణి. మాటల దగ్గర కూడా అంతే. ఆయన "జర ఆగు" అంటే నవ్వేవాణ్ణి, నేను "బాగుందండీ" అంటే ఆయన నాలాగే సాగదీసి అనేవాడు. అప్పుడది వేళాకోళమే. అందులో నా నవ్వుకు కాస్త బరువెక్కువ ఉండేదని, నా తెలుగే అసలు తెలుగు అన్న నమ్మకం దాని అడుగున ఉండేదని, ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకుండదు? మా నాన్న తెలుగు మాస్టారు. అన్నం కలుపుకుంటూ కూడా నా చేత సంధులు విడదీయించిన మనిషి. అందుకే మేము కొందరం కలిసి అంతర్జాలంలో ఒక తెలుగు పత్రిక పెట్టినప్పుడు, ఎడిటర్ కుర్చీ ఎవరిదన్న చర్చే రాలేదు. జీతం లేదు, ఆఫీసు లేదు, ఉన్నదల్లా మా ఇంటి కంప్యూటరూ టెలిఫోను తీగా. అయినా సరే, ఉద్యోగంలో నేను ఎవరో రాసిన ప్రోగ్రాములకు అతుకులు వేసే చిన్నవాణ్ణి, పత్రికలో మాత్రం నా మాటకు తిరుగులేదు.

తెలుగు అక్షరం తెర మీద కనిపించడమే ఆ రోజుల్లో ఒక వింత. ముందు ఖతి, అంటే ఫాంటు, దించుకోవాలి, లేకపోతే చీమలు పాకినట్టు పిచ్చి గుర్తులు కనిపించేవి. రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే యంత్రం దాన్ని తెలుగులోకి మార్చేది. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. హెచ్ చేరిస్తే ఒత్తు, మరిస్తే లేదు. మనవాళ్ళు ఆఫీసులో పని చేస్తున్నట్టు నటిస్తూ హడావుడిగా కొట్టేవాళ్ళు కదా, పెద్దక్షరాలెవరు చూస్తారు? "పొద్దున్నే కల్లు తెరిచాను" అని ఒకాయన తన దినచర్య మొదలుపెట్టాడు. "నా బార్య నా బలం" అని ఇంకొకాయన కవిత పంపాడు. "నా చిన్ననాటి కళ నెరవేరింది" అన్న వాక్యమైతే నెలకొకటి వచ్చేది. ప్రబుత్వం, ముక్యం, ధయచేసి, పెల్లి. ఒత్తు ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటుంది. "ఈ కథ నాచే వ్రాయబడినది" అని ఆఫీసు కాగితాల్లాగా రాసేవాళ్ళు, వాక్యం చివర చుక్కల వరసలు పెట్టేవాళ్ళు, ఆశ్చర్యార్థకాలు గుప్పించేవాళ్ళు. వాటన్నిటి వెనకా ఇల్లు గుర్తొచ్చి ఉండబట్టలేక రాసిన మనుషులున్నారని నాకు అప్పుడు కనపడలేదు. తప్పులే కనపడ్డాయి.

ఆ తప్పులు ఏరి "తప్పుల బుట్ట" అని ఒక శీర్షిక నడిపాను. పేర్లు వేసేవాణ్ణి కాదు గానీ, ఉన్న నాలుగు ఇళ్ళలో ఎవరు ఏం రాశారో ఎవరికి తెలియదు? 'కల్లు తెరిచిన' ఆయన్ని ఉగాది సంబరాల్లో అందరూ "ఏమండీ, ఇవాళ ఎన్ని ముంతలు తెరిచారు?" అని ఏడిపించారు. ఆయన నవ్వాడు. మళ్ళీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. మా పత్రికలో అందరూ మొదట చదివేది తప్పుల బుట్టే. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ శీర్షికలో నేను విద్యార్థిని 'విద్యార్ధి' అని, థకు బదులు ధ పెట్టి, సంవత్సరాల తరబడి రాశాను. నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పెళ్ళయ్యాక నేను బుకిట్ పంజాంగ్ వచ్చేశాను. అన్న హౌగాంగ్‌లోనే ఉండిపోయాడు. ఆ మధ్యలోనే వాళ్ళమ్మగారికి కిడ్నీలు చెడిపోయాయి. ఆయన ఫోను కార్డులు కొని, కింద బ్లాకు దగ్గర నిలబడి, అమ్మతో మాట్లాడుతూ ఉండేవాడు. అవతల ఆవిడ "తిన్నవా బిడ్డా?" అనడం, పక్కన నిలబడిన మాకు కూడా వినపడేది, ఆ తల్లి గొంతు అంత పెద్దది. తరువాత తరువాత వినపడటం మానేసింది. ఆఖరికి కబురు వచ్చినప్పుడు ఆయన బ్యాంకు పనిలో కొత్త ప్రోగ్రాము ఎక్కించే ఘట్టంలో ఉన్నాడు, వదిలి వెళ్ళనివ్వలేదు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక ఆయన ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. పచ్చిపులుసు మాత్రం చేయడం మానేశాడు.

ఆ ఏడాది దుఃఖంలో ఆయనకు ఒక మంచి కూడా జరిగింది. సెంబవాంగ్‌లో ఒక పాత తెలుగు కుటుంబం ఉండేది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇంగ్లీషువాళ్ళ నౌకాస్థావరంలో పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. ఇంటాయన షిప్‌యార్డులో పని చేసి రిటైరయ్యారు, మాకందరికీ అంకుల్. వాళ్ళమ్మాయి బ్యాంకులో ఉద్యోగం. ఉగాది సంబరాల్లో కుర్చీలు సర్దుతూ అన్నకూ ఆ అమ్మాయికీ పరిచయమైంది. ఆమెకు తెలుగు మాట్లాడటం కొంచెం, చదవడం సున్నా. ఆయన కోసం చదవడం నేర్చుకోవడం మొదలుపెట్టింది, అదీ మా పత్రిక చూసే. ఒకసారి గుడి దగ్గర నన్ను ఆపి, "ఎడిటరన్నా, క, ఖ, గ అన్నీ అయిపోయాయి లా! ఈ ఒత్తులే పెద్ద హెడేక్. ఎందుకు తెలుగులో ఇన్ని?" అని, ఇక్కడి పిల్లలు ప్రతి మాటకూ తగిలించే ఆ 'లా'తో సహా నిలదీసింది. "ఆయన ఏమన్నా రాస్తే ఫస్ట్ నేను చదవాలి. డాడీ చదివి చెప్పకూడదు. ఓకేనా?" అంది. ఇరువైపులా ఇష్టపడ్డారు. అమ్మ సంవత్సరీకం అయ్యాక నిశ్చితార్థం పెట్టుకుందామని అంకుల్ మాట ఇచ్చారు.

ఆ సంవత్సరీకానికే అన్న ఒక చిన్న వ్యాసం రాశాడు. అదే ఆయన మొదటి రచన, ఆఖరిది కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి నాకు పంపి, "జర చూడు తమ్మీ, ఒత్తులు గిత్తులు దప్పుంటే నువ్వే సూస్కో" అని ఫోనులో చెప్పాడు. పేరు 'అమ్మ యాది'.

యాది అంటే జ్ఞాపకం అని నాకు తెలియదు. రెండేళ్ళు ఒకే వంటగదిలో ఉండి తెలియకపోవడం ఏమిటని మీరడగవచ్చు. ఆయన నోట "యాదికొస్తుంది" అన్న మాట ఎన్నోసార్లు విని ఉంటాను. కానీ మనం ఒక మాటను చూసి నవ్వడం అలవాటైతే దాన్ని వినడం మానేస్తాం. ఇన్నాళ్ళ తప్పుల బుట్ట నా కళ్ళకు ఒక తర్ఫీదు ఇచ్చింది: ఒత్తు లేని ద కనిపిస్తే ఒత్తు మరిచిపోయారన్నమాట. తల్లి కిడ్నీ జబ్బుతో పోయింది, వ్యాసం తల్లి గురించి. ఇంకేం కావాలి? ముందున్న వ కూడా హడావుడిలో జారిపోయిందనుకుని యాదిని వ్యాధి చేశాను. ఒక్క చోట కాదు. వెతికి మార్చమని యంత్రానికి ఒక ఆజ్ఞ ఇస్తే వ్యాసమంతా ఒక్క మీటతో మార్చేసింది.

ఆ తరువాత చేత్తో నగిషీలు దిద్దాను. "మా అమ్మ పోయింది. అమ్మ యాది నాకు మిగిలింది," అని ఆయన రాస్తే, అది "మా అమ్మ పోయింది. అమ్మ వ్యాధి నాకు మిగిలింది," అయింది. "పండుకున్నా లేసినా ఆ యాది నన్ను ఇడిసిపెట్టది" అన్నది "నిద్రలోనూ మెలకువలోనూ ఆ వ్యాధి నన్ను విడిచిపెట్టదు" అయింది. చివర "ఈ యాదిని నా పిల్లలకు గూడ అందిస్త" అని ఉంది. పిల్లలకు వ్యాధిని అందించడమేమిటి, ఇది వాక్యనిర్మాణ దోషం అనుకుని, "ఈ వ్యాధి నా పిల్లలకు కూడా సంక్రమిస్తుంది" అని రాశాను. సంక్రమిస్తుంది అన్న మాట తట్టినందుకు కుర్చీలో వెనక్కి వాలి సంతోషించిన సంగతి కూడా నాకు గుర్తుంది.

మా ఆవిడ కాఫీ తెచ్చి, వెనక నిలబడి చదివింది. "ఏవండీ, ఆయనకి నిజంగా ఈ జబ్బుందంటారా? కిడ్నీ జబ్బుకి గోంగూర పడదంటారు, మొన్న మనింట్లో అడిగడిగి మరీ వేయించుకున్నారే!" అంది. పాపం దాచుకున్నాడని, ఇప్పుడు అడిగితే బాధపడతాడని అన్నాను. ఆ రాత్రి నేను ఆయన మీద జాలి కూడా పడ్డాను. ఒక ఫోను చేసి "అన్నా, ఇది వ్యాధేనా?" అని అడిగితే సరిపోయేది. అడగలేదు. దిద్దేవాడు రాసినవాణ్ణి అడగడం అనే ఆలోచనే మా పత్రికలో ఉండేది కాదు.

సంచిక బయటికి వచ్చిన సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అన్న మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గదేంది తమ్మీ? నేను రాసింది యాది. వ్యాధి గాదు."

యాది అంటే ఏమిటన్నాను.

ఆయన చేతిలోని ఆఫీసు సంచి గుమ్మం పక్కన పెట్టాడు. "యాదంటే... గుర్తు తమ్మీ. మనిషి లేనంక మిగుల్తది సూడు, గది." తరువాత మెల్లగా, "అమ్మాయి సదివింది. ఇంట్ల పరేషాన్ అయితున్నరట. నువ్వు ఒక్క మాట రాసెయ్యి, తప్పు నీదని, యాది అంటే గిదీ అని. వాళ్ళింట్ల నీ మాట ఇంటరు," అన్నాడు. తప్పకుండా రాస్తానన్నాను, వచ్చే సంచికలో వేస్తానన్నాను. మా ఆవిడ కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు.

ఆ వారంలోనే సెంబవాంగ్ అంకుల్ ఫోను చేశారు. నేను దాచిపెట్టిన సంగతి ఇది.

"మకాన్ అయ్యిందా తంబీ?" అని, అన్నం తిన్నావా అనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతో, ఎప్పటిలాగే మొదలుపెట్టారు. "మా పాప సొంతంగా చదివింది తంబీ, నా దగ్గరికి రాకుండా. అంతా చదివి, ఒక్క మాట అర్థం కాలేదని వచ్చి అడిగింది, డాడీ, వ్యాధి అంటే ఏమి అని. నేనే చెప్పినాను." తరువాత అసలు సంగతికి వచ్చారు. "ఆ తంబి ఏమో అది జబ్బు కాదు, జ్ఞాపకం అంటున్నాడు. నాకు తెలుగు అంత లోతు తెలవదు. ఎవరైనా తన చేత్తో తాను జబ్బని రాసి మళ్ళీ జ్ఞాపకం అంటాడా? నువ్వు తెలుగు అయ్యవారి కొడుకువి. నువ్వు ఏం చెప్తే అది నమ్ముతాను. వాడు రాసింది అదేనా, నువ్వేమైనా మార్చినావా?"

అప్పటికి నాకు నిజం తెలుసు. గుమ్మంలో నిలబడి అన్న చెప్పి వెళ్ళాడు. అవునంకుల్, నాకు తెలుగు రాక మార్చాను, అంటే చాలు. కానీ తెలుగు అయ్యవారి కొడుకువి అన్న ఆ మాట నా చెవిలో పడ్డాక, నాకు తెలుగు రాదు అన్న మాట నోటికి రాలేదు.

"మేము తప్పులు మాత్రమే దిద్దుతాం అంకుల్," అన్నాను. "విషయం మార్చం."

ఆయన "సరే తంబీ," అని పెట్టేశారు.

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. పత్రిక నియమం అదే కదా, నియమం చెప్పాను. పైగా వచ్చే సంచికలో వివరణ వేస్తున్నాను, దానితో అంతా సర్దుకుంటుంది. ఆ వివరణ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం, నేను తప్పు చేశాను అన్న వాక్యం ఎన్నిసార్లు మొదలుపెట్టినా ముగియలేదు. చివరికి తప్పుల బుట్టలో ఇలా రాశాను: 'కొందరు రచయితలు ప్రామాణికం కాని ప్రాంతీయ పదాలు వాడటం వల్ల పాఠకులలో అపార్థాలు కలుగుతున్నాయి. ఉదాహరణకు యాది. జ్ఞాపకం అన్న చక్కని మాట ఉండగా...' చూశారా, సంగతి చెప్పినట్టే ఉంది. మార్చింది నేనని ఎక్కడా లేదు. చదివినవాళ్ళకు, తప్పు రాసి దొరికిపోయి సర్దుకుంటున్న రచయిత ఒకడు కనపడతాడు తప్ప ఎడిటర్ కనపడడు.

సెంబవాంగ్ వాళ్ళు గొడవ పడలేదు. మర్యాదగా తప్పుకున్నారు. ఎవరైనా అడిగితే "అబ్బాయికి ఆరోగ్యం అంత బాగా లేదట" అని మాత్రం అన్నారు. ఆ మాట గుడికి వచ్చింది, గుడి నుంచి భోజనాలకు వచ్చింది. వైద్యుడి చేత పరీక్షలు చేయించుకుని కాగితం చూపించరాదా అని ఒకరిద్దరు మంచి కోరే అన్నకు చెప్పారు. నేనూ చెప్పాను. ఆఖరిసారి మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుంది అప్పుడే, హౌగాంగ్‌లో ఆయన బ్లాకు కింద కాఫీ కొట్టు దగ్గర.

"మా అమ్మ యాదిని నేను డాక్టర్ చీటీ వెట్టి రుజువు జేసుకోవాల్నా తమ్మీ?" అన్నాడు. కోపంగా అనలేదు. ఇద్దరికీ కాఫీ తనే తెచ్చాడు, నాకు తీపి తక్కువని గుర్తుపెట్టుకుని మరీ. "తప్పు జేసినవని నాకేం కోపం లేదు. తప్పులు అందరం జేస్తం, నా రాతల గూడ మస్తు ఉంటయ్. గని అది తప్పు గాదని తెల్సినంక గూడ తప్పేనంటివి సూడు. గదొక్కటే నాకు సమజ్ గాలే."

పక్క బల్లల దగ్గర ఎవరో కుర్చీల మీద టిష్యూ పొట్లాలు పెట్టి చోటు పట్టుకుంటున్నారు, వాటినే చూస్తూ కూర్చున్నాను. అంకుల్ చేసిన ఫోను సంగతి ఆయనకు తెలుసో లేదో, ఆ అమ్మాయి చెప్పిందో లేదో నాకు తెలియదు. తెలిసినా అడిగే మనిషి కాదు. కొన్నాళ్ళకు ఆస్ట్రేలియాలో పని దొరికి వెళ్ళిపోయాడు. తరువాత హైదరాబాదు చేరాడనీ, పెళ్ళి చేసుకున్నాడనీ, ఒక కూతురనీ ఎవరెవరి ద్వారానో విన్నాను. నేను ఉత్తరం రాయలేదు. ఏ తెలుగులో రాయను?

కంప్యూటరు ఉద్యోగాలు కుదేలైన ఏడాది మా పత్రిక కూడా ఆగిపోయింది. ఉచితంగా చోటిచ్చిన కంపెనీ మూతబడింది, ఆ ఖతి ఇప్పుడు ఏ యంత్రంలోనూ తెరుచుకోదు. సవరణ వేద్దామన్నా వేయడానికి ఆ పేజీ లేదు. నేను దిద్దిన వందల ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ పోయాయి. మనుషుల నోళ్ళలో మిగిలింది ఆ ఒక్క తప్పే, మొన్న పులిహోర ప్లేటు దాకా వచ్చింది. సెంబవాంగ్ అంకుల్ పోయి చాలా కాలమైంది. నన్ను నమ్మే పోయారు. ఆ అమ్మాయి తన సంసారంలో తాను చల్లగా ఉంది, ఆమెను కదిలించే హక్కు నాకు లేదు. ఇది ఆమె కంటపడి, పడ్డ అక్షరాలు ఆమె ఇంకా చదవగలిగితే, ఒక మాట. అమ్మా, ఆ రోజు నువ్వు ఒత్తు సరిగ్గానే చదివావు. పెట్టినవాడిదే తప్పు.

ఇప్పుడు కాలం మారింది. ఎడిటర్లు లేరు, తప్పుల బుట్టలు లేవు, ఎవరికి వచ్చిన తెలుగు వాళ్ళు ఫోనులో రాసి పంపేస్తున్నారు. కల్లు తెరుస్తున్నారు, కళలు కంటున్నారు, ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు. నా ఈడు వాళ్ళు భాష పాడైపోయిందని బాధపడుతుంటే నేనూ కొన్నాళ్ళు గొంతు కలిపాను. మొన్న గృహప్రవేశం నుంచి ఇంటికొచ్చి అన్న కూతురు రాసిన కబురు మళ్ళీ తెరిచి చదివేదాకా. అందులో ఉన్నది ఇంతే: 'మా బాపు నిద్రల గుండె ఆగి పోయిండు. బాపు యాది మాకు మిగిలింది.' కింద యాభై మంది చేతులు జోడించారు. ఒక్కరు కూడా దిద్దలేదు.

ఆ పిల్ల పుట్టకముందే పోయిన పత్రికలోని ఆ వ్యాసాన్ని చదివి ఉండదు. చదివినా అందులో ఆ మాట లేదు, నేను తీసేశాను. మరి ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తూ చాలాసేపు కూర్చున్నాను.

బృందంలో జవాబు రాయాలని మొదలుపెట్టాను. యాది అని కొట్టగానే ఫోను దాని కింద ఎర్ర గీత గీసింది. చెరిపి మళ్ళీ కొట్టాను, మళ్ళీ గీసింది. సోఫాలో కూర్చున్న మా అమ్మాయి ఇటు తొంగిచూసి, "స్పెల్లింగ్ తప్పా నాన్నా?" అంది.

తప్పు కాదమ్మా, అన్నాను.

"అయితే డిక్షనరీలో కలిపెయ్యండి లా. అది అడుగుతోంది, అంతే," అని తన పనిలో తను పడింది.

నిజమే. అది గీత గీసి ఊరుకుంది, మార్చలేదు, అడుగుతోంది. అంతపాటి మర్యాద ఆనాడు నాకు లేకపోయింది. మా అమ్మాయి చెప్పిన మీట నొక్కాను, గీత పోయింది. గృహప్రవేశంలో నా తల ఊపడం చూసినవాళ్ళకూ, ఆనాడు ఆ వ్యాసం చదివినవాళ్ళందరికీ, ఆయన రాసింది రాసినట్టు, నాకు కంఠతా ఉన్నంతమేర, ఇక్కడ తిరిగి పెడుతున్నాను:

"మా అమ్మ పోయింది. అమ్మ యాది నాకు మిగిలింది. పండుకున్నా లేసినా ఆ యాది నన్ను ఇడిసిపెట్టది. ఈ యాదిని నా పిల్లలకు గూడ అందిస్త."